హూ, విచ్, దట్: ఒక మూడొందల యేళ్ళ పేచీ

1711 మే 30న లండన్‌లో ‘స్పెక్టేటర్’ అనే పత్రికలో ఒక వింత అర్జీ అచ్చయింది. అర్జీదారులు హూ, విచ్ అనే రెండు మాటలు. ప్రతివాది దట్. మేం తరతరాలుగా పరువుగా బతుకుతున్నవాళ్ళం, నిన్నగాక మొన్న వచ్చిన ఈ దట్ మా చోటు కాజేసి మమ్మల్ని వీధిన పడేశాడు, న్యాయం చెయ్యండి అని వాటి మొర. రాసింది రిచర్డ్ స్టీల్. రెండ్రోజులకి దట్ తరఫు జవాబు కూడా అదే పత్రికలో వచ్చింది.

సరదాకి రాసిందే. కానీ చరిత్ర ప్రకారం చూస్తే ఈ కేసు తిరగబడి ఉంది. ముగ్గుర్లో పాతకాపు దట్. తర్వాత వచ్చి చోటు ఆక్రమించింది అర్జీదారులే.

ఈ గొడవ మీద నాకు ఆసక్తి పుట్టింది ఉద్యోగం వల్ల. సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే రోజంతా కోడ్ రాస్తాడనుకుంటారు గానీ, నేను కోడ్ కంటే ఇంగ్లీషు ఎక్కువ రాస్తాను: డిజైన్ డాక్యుమెంట్లు, రివ్యూ కామెంట్లు, మెయిల్స్. విచ్ అని రాస్తే చాలు, దాని కింద ఒక గీత ప్రత్యక్షమవుతుంది, దట్ పెట్టమంటుంది. నా చుట్టూ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు, ఆ గీత కనపడగానే మారుమాట లేకుండా దిద్దేస్తారు. కంపైలర్ ఎర్రర్ చూపిస్తే దిద్దక తప్పదు. ఈ గీత అలాంటిదేనా? ఈ రూలు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు?

‘నిన్న వచ్చిన మనిషి’ అని మనం అనేచోట ఇంగ్లీషువాడు ముందు మనిషిని చెప్తాడు, తర్వాత హూ అనే కొక్కెం తగిలించి మిగతా కథని దానికి వేలాడదీస్తాడు. ఇలాంటి కొక్కేలకి స్కూల్లో మనం నేర్చుకున్న పేరు రిలెటివ్ ప్రొనౌన్. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈ పనికి ‘థె’ అనే చిన్నమాట ఉండేది. మనిషైనా, ఊరైనా, ఒకరైనా, పదిమందైనా దాని రూపం మారదు. దాంతోపాటు ‘అతను, ఆమె, అది’ లాంటి మాటల్ని కూడా ఇదే పనికి వాడేవాళ్ళు. అందులో ‘అది’ అన్నదే ఇవాళ్టి దట్. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ‘థె’ వెనకబడి, దాని చోట్లో దట్ స్థిరపడింది. అప్పటికి హూ, విచ్‌ల అసలు ఉద్యోగం ప్రశ్నలడగడం. ఎవరు, ఏది అని.

ప్రశ్నార్థకాలు కొక్కేలుగా మారడంలో లాటిన్, ఫ్రెంచిల ప్రభావం ఉందని పండితులు చాలామంది అంటారు. ఆ భాషల్లో ఈ రెండు పనులూ చాలావరకు ఒకే మాటలు చేస్తాయి మరి. ముందు విచ్ వచ్చింది. 14వ శతాబ్దంలో చాసర్ మనుషుల గురించి కూడా విచ్ అని రాశాడు. హూజ్, హూమ్ కూడా అప్పటికే వాడుకలో ఉన్నాయి. కర్త స్థానంలో హూ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 15వ శతాబ్దపు ఉత్తరాల్లో, చివర్లో దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని రాసే మామూలు ముగింపుల్లో, దేవుడి పేరు పక్కన ఇది మొదట కనిపిస్తుంది.

ఆ తర్వాత కూడా చాలాకాలం మనుషులకి హూ, వస్తువులకి విచ్ అనే పంపకం గట్టిపడలేదు. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’లో మిరాండా ముక్కలైపోతున్న ఓడని హూ అంటుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోని పరలోక ప్రార్థనలో దేవుడికి పెట్టిన కొక్కెం విచ్. 1789లో, అమెరికా స్వతంత్రమయ్యాక, అక్కడి ఎపిస్కోపల్ చర్చి తన ప్రార్థనా పుస్తకంలో ఆ విచ్‌ని హూ చేసింది. తెలుగు బైబిల్‌కి ఈ ఇబ్బందే రాలేదు, అదే చోట ‘ఉన్న’ అనే ఒక్క మాటతో పని జరిగిపోయింది.

అర్జీకీ ఈ మార్పుకీ మధ్య జరిగిందేమిటంటే, ఇంగ్లండులో గ్రామర్ పుస్తకాల కాలం వచ్చింది. తప్పుల్లేకుండా మాట్లాడ్డం అంతస్తుకి గుర్తుగా మారుతున్న రోజులు. 1762లో రాబర్ట్ లౌత్ వేసిన చిన్న వ్యాకరణం అందులో బాగా పేరుపొందింది. తర్వాత లండన్ బిషప్ అయ్యాడాయన. హూ మనుషులది, విచ్ వస్తువులది అని పంచిపెట్టాడు. పూర్వం రెండూ మనుషులకి వాడేవాళ్ళనీ ఒప్పుకున్నాడు. అంటే ఈ పంపకం అంతకుముందు వందేళ్ళుగా జనం వాడుకలో నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. లౌత్ దాన్ని కాగితం మీద పెట్టాడు. జనం ముందు, పుస్తకం తర్వాత. అందుకే అది నిలబడింది.

నా స్క్రీన్ మీద గీత గీసే రూలు ఇలా పుట్టలేదు. హెన్రీ ఫౌలర్, ఫ్రాన్సిస్ ఫౌలర్ అనే అన్నదమ్ములు 1906లో ఒక ఆలోచన ముందుపెట్టారు. ఏది అని గుర్తుపట్టడానికి అవసరమైన సమాచారమైతే దట్, అదనంగా చెప్పేదైతే కామా పెట్టి విచ్ వాడితే భాష శుభ్రంగా ఉంటుంది కదా అని. 1926లో హెన్రీ తన నిఘంటువులో దీన్నే మళ్ళీ వివరిస్తూ, ఎక్కువమంది రచయితలుగానీ గొప్ప రచయితలుగానీ ఇలా రాస్తున్నారని చెప్పలేమని తనే ఒప్పుకున్నాడు. అది ఒక ప్రతిపాదన, అంతే. 1959లో ఇ.బి. వైట్ తన గురువు స్ట్రంక్ పాత పుస్తకాన్ని సవరించి వేసినప్పుడు అందులో ఇది చేరింది. ఆ పుస్తకం అమెరికా కాలేజీలన్నిట్లోకీ పాకింది. అక్కణ్ణించి ఎడిటర్ల చేతికి, వాళ్ళ నుంచి వర్డ్ ప్రాసెసర్లకి, వాటి నుంచి మన ల్యాప్‌టాప్‌లకి. ఈ ప్రయాణంలో ఎక్కడో ‘బావుంటుంది’ కాస్తా ‘తప్పు’ అయిపోయింది. పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు, 1941 డిసెంబర్ 8న, రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగం మొదటి వాక్యంలో కామా లేని విచ్ ఉంది. దాని కిందా గీత పడుతుంది.

అలాగని రూలు వెనకున్న తేడా ఉత్తిదని కాదు. ముప్ఫై రోజులు దాటిన ఫైల్స్ తీసెయ్యమని ఇంగ్లీషులో రాస్తూ, ఫైల్స్ పక్కన కామా పెట్టి విచ్ రాస్తే, ఉన్న ఫైల్స్ అన్నీ తీసెయ్యి, అవన్నీ పాతవే అన్న అర్థం వస్తుంది. కామా తీసేస్తే పాతవి మాత్రమే పోతాయి. సర్వర్ మీద ఈ రెండింటికీ మధ్య ఒక ఉద్యోగం ఉంటుంది! కానీ గమనించండి, ఆ పని చేసింది కామా. నోటితో చెప్పేటప్పుడైతే చిన్న విరామం. కామా సరిగ్గా ఉంటే విచ్ ఉన్నా దట్ ఉన్నా పాత ఫైల్సే పోతాయి.

తెలుగువాళ్ళకి ఇది కష్టంగా ఉండటానికి కారణం తెలివితక్కువతనం కాదు. మనకసలు కొక్కేల్లేవు. కూర వండిన గిన్నె, కూర వండిన మనిషి, కూర వండిన రోజు: దేన్లో, ఎవరు, ఎప్పుడు అనే మూడు సంబంధాలూ ఒకే ‘వండిన’లో ఇమిడిపోతాయి. మనవాళ్ళు దీన్ని ధాతుజ విశేషణం అన్నారు. బ్రౌన్ 1840 నాటి తన వ్యాకరణంలో దీన్ని రిలెటివ్ పార్టిసిపుల్ అన్నాడు. తమ భాషలో హూ, విచ్ చేసే పని ఇక్కడ క్రియే చేస్తోందని అలా పేరు పెట్టారు. ద్రావిడ భాషల్లో ఈ సర్వనామాలు లేవని కాల్డ్వెల్ 1856లో ప్రత్యేకంగా రాశాడు. ‘ఎవరైతే వచ్చారో వాళ్ళు’ అనే కట్టుబడి మనకూ ఉందనుకోండి. టీవీ చర్చల్లో ‘ఈ పథకం ఏదైతే ఉందో’ వినని రోజు లేదు. కానీ ఇంట్లో ఎవరూ అమ్మతో ‘ఏ గిన్నెలోనైతే కూర వండావో ఆ గిన్నె’ అనరు.

మన పద్ధతికీ దాని ఖరీదు ఉంది. ‘చంపిన పులి’ చంపిందా, చచ్చిందా? ‘అమెరికాలో ఉన్న మా అక్క’ అంటే నాకు ఒక్క అక్కా, ఇంకా ఉన్నారా? తెలుగు చెప్పదు, వినేవాడికి వదిలేస్తుంది. ఇంగ్లీషు రాతలో కామా సరిగ్గా అది అడుగుతుంది. మన పిల్లలు నేర్చుకోవాల్సిన కొత్త సంగతి ఇదే. పరీక్షల్లో మాత్రం రెండు వాక్యాలిచ్చి హూతో కలపమంటారు, కలపగానే మార్కులేస్తారు, కామా సంగతి ఎవరూ ఎత్తరు.

మా టీములో కొత్తగా చేరినవాళ్ళు రాసింది చూసిపెట్టమని నా దగ్గరికి వస్తుంటారు. విచ్ కింద గీత కనిపిస్తే ముందు ఒకటే అడుగుతాను: ఇక్కడ నువ్వు అన్ని ఫైల్స్ అంటున్నావా, కొన్నా? అది తేలాక కామా ఉంచాలో తియ్యాలో వాళ్ళకే తెలుస్తుంది. గీతని అలా ఉండనిమ్మంటాను.