రెండూ ఓపెన్ సోర్సే, కానీ కలవవు

మొన్నామధ్య ఓ శనివారం రాత్రి ఆఫీసులో లినక్స్ సర్వర్‌కి కెర్నెల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టాను. మెషీన్ లేచింది గానీ డేటా వాల్యూమ్ మాయం! గుండె జారిపోయింది. కాసేపు లాగులు తవ్వితే తేలిందేంటంటే, కొత్త కెర్నెల్‌కి జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ కంపైల్ కాలేదు. పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే అంతా క్షేమం. పక్కనున్న కుర్రాడు అడిగాడు: "అన్నా, ఇంత మంచి ఫైల్‌సిస్టమ్‌ని కెర్నెల్లోనే పెట్టేయొచ్చుగా?"

పెట్టలేరు. అడ్డు టెక్నాలజీ కాదు, లైసెన్సు.

లైనస్ టోర్వాల్డ్స్ 1992లో తన కెర్నెల్‌ని జీపీఎల్ కిందకి మార్చాడు. అది వెర్షన్ 2 మాత్రమేనని తర్వాత స్పష్టం చేశాడు కూడా. జీపీఎల్ ఏమంటుందంటే, నా కోడ్‌తో కలిపి చేసినదాన్ని నలుగురికీ పంచితే మొత్తం జీపీఎల్ కిందే ఇవ్వాలి, వేరే షరతులు తగిలించకూడదు.

2005లో సన్ మైక్రోసిస్టమ్స్ ఓపెన్‌సొలారిస్‌ని సీడీడీఎల్ కింద బయటపెట్టింది. డీట్రేస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అందులోవే. సీడీడీఎల్ ఏమో, ఈ ఫైళ్ళ సోర్సు ఎక్కడికెళ్ళినా నా కిందే ఉండాలంటుంది. ఇక ఒకే కెర్నెల్లో ఇద్దరి మాటా ఎలా నిలబెడతాం? సన్ కావాలనే ఇలా చేసిందని అక్కడ పనిచేసిన డానీస్ కూపర్ 2006లో చెప్పింది, అదే కంపెనీకి చెందిన సైమన్ ఫిప్స్ కాదన్నాడు. బీఎస్‌డీ లైసెన్సుకి ఈ పేచీ లేదు కాబట్టి 2008లో ఫ్రీబీఎస్‌డీ 7.0 జెడ్‌ఎఫ్‌ఎస్‌ని హాయిగా కలుపుకుంది.

లినక్స్ వాళ్ళు దొడ్డిదారి వెతికారు. జీపీఎల్ షరతు పంచినప్పుడే కదా, అందుకని సోర్సు విడిగా ఇచ్చి, ఎవరింట్లో వాళ్ళని కంపైల్ చేసుకోమన్నారు. నా శనివారం పాడైంది ఇక్కడే. 2016లో ఉబుంటు 16.04 ఏకంగా కంపైల్ చేసిన మాడ్యూల్‌నే ఇచ్చింది. అది ఉల్లంఘనేనని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, కాదని కెనానికల్. ఆ వాదన ఏ కోర్టులోనూ తేలలేదు.

లినక్స్ లైసెన్సు మార్చడం అయ్యే పని కాదు, వేలమంది రాసిన కోడ్ అది, అందరూ ఒప్పుకోవాలి. మరి అటువైపు? 2010లో సన్‌ని కొన్న ఒరాకిల్, 2018లో డీట్రేస్ కెర్నెల్ కోడ్‌ని జీపీఎల్ కింద ఇచ్చింది. అంటే మనసుంటే మార్గం ఉందన్నమాట! సన్ నాటి జెడ్‌ఎఫ్‌ఎస్ కోడ్‌కి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. ఒరాకిల్ నుంచి సంతకంతో ఉత్తరం వస్తే తప్ప కలపనని లైనస్ 2020లో తేల్చిచెప్పాడు. నాకైతే అతను మొండికేసినట్టు అనిపించలేదు, దావాలంటే భయపడాల్సిన కంపెనీయే మరి.

సన్ పోయి ఇన్నేళ్ళయినా, వాళ్ళు 2005లో తీసుకున్న నిర్ణయం ఇవాళ నా సర్వర్‌ని ఆపింది. మనం కొత్త ప్రాజెక్టు మొదలెట్టేటప్పుడు లైసెన్సు ఫైల్ ఎక్కడినుంచో కాపీ కొట్టి పడేస్తాం. బయటివాళ్ళ ప్యాచ్‌లు వచ్చి చేరాక దాన్ని మార్చడం మన చేతుల్లో ఉండదు. ఆ ఫైల్ పెట్టేముందు ఓ పది నిమిషాలు ఆలోచించమని ఆ కుర్రాడికి చెప్పాను. ఈలోగా మాడ్యూల్ బిల్డ్ అయిందో లేదో చూశాకే రీబూట్ కొట్టమని కూడా!