ధర్మపురి జిల్లా: చెంతనే కావేరి, బోరునీటిలో ఫ్లోరైడు

తమిళనాడు వాయవ్య భాగాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ధర్మపురి జిల్లా ఉన్నది. దీని ప్రాచీన నామము తగడూరు. సంగమ కాలపు అదియమాన్ రాజుల రాజధాని. బారామహల్‌లో భాగమైన ఈ సీమ 1792లో టిప్పు సుల్తాను నుండి ఈస్టిండియా కంపెనీ వశమైనది. అనంతరం దత్తమండలాల కలెక్టరైన థామస్ మన్రో రెవెన్యూ పాలనలో తొలి అనుభవం గడించినది ఈ బారామహల్‌లోనే.

1965 అక్టోబరు 2న సేలం నుండి విడివడి ఇది ప్రత్యేక జిల్లా అయినది. 2004లో, తెలుగువారు అధికంగా గల హోసూరుతో సహా ఉత్తర భాగం కృష్ణగిరి జిల్లాగా వేరయినది. రాగి, మామిడి, చింత ఇక్కడి మెట్టసీమకు ఆధారం.

హొగేనకల్ వద్ద కావేరి దుముకుచున్నను, బోరునీటిలోని ఫ్లోరైడు తరతరాల పల్లెవాసుల పళ్లను, ఎముకలను దెబ్బతీసినది. 2013లో ప్రారంభమైన హొగేనకల్ పథకం ఉభయ జిల్లాలకు కావేరి నీటిని చేర్చినది. మరగించినను ఫ్లోరైడు తొలగదు. కనుక త్రాగుటకు, వంటకు పథకపు నీటినే వాడుట క్షేమం.