శాన్‌ఫ్రాన్సిస్కో కార్మిక మేయరు

కిందటి నెలలో మా కాలేజీ విద్యార్థులు కొందరు నన్నొక ప్రశ్న అడిగారు. కార్మికుల వోట్లతో పదవికి వచ్చిన మనిషి లంచం తిన్నాడని పత్రికలు గోల పెడితే మనం నమ్మాలా, ధనికుల కుట్ర అని కొట్టిపారెయ్యాలా? పద్యాలూ వ్యాకరణమూ చెప్పుకొనేవాణ్ణి, తొందరపడి "ముందు ఎవరి పత్రికో చూడండి" అన్నాను. ఇంటికి వచ్చిన తర్వాత ఆ జవాబు నాకే రుచించలేదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని 1902 నుంచి 1907 దాకా పాలించిన యూజీన్ ష్మిట్జ్ కథ జ్ఞాపకం వచ్చింది. ఆ కుర్రవాళ్ళకు చెప్పవలసిన జవాబు అందులో ఉంది.

1901 వేసవిలో ఆ నగరపు రేవులో పెద్ద సమ్మె జరిగింది. బండ్లు తోలేవాళ్ళు, ఓడ కళాసీలు, రేవు కూలీలు కలిసికట్టుగా పని మానేశారు. అప్పటి మేయరు జేమ్స్ ఫీలన్ ధనికుడు, సంస్కర్త, లంచం ముట్టనివాడు. అయినా ఆయన పోలీసులు సమ్మె విచ్ఛిన్నకుల బండ్లమీద కూర్చుని కాపలా కాశారు. సమ్మెదార్ల తలలు పగిలాయి. నీతిమంతుడైన మేయరు లాఠీ కూడా యజమాని లాఠీయేనని కార్మికులకు అప్పుడే అర్థమైంది. ఆ కోపంలోంచి పుట్టింది యూనియన్ లేబర్ పార్టీ.

పార్టీ పుట్టిందేగాని, దాన్ని పెంచే చేతులు కార్మికులవి కావు. ఏబ్ రూఫ్ అనే వకీలు దాన్ని చేరదీశాడు. పద్దెనిమిదేళ్ళకే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్న మేధావి అతను. రిపబ్లికన్ రాజకీయాల్లో పైకి రాలేక కొత్త దారి వెతుక్కుంటున్నాడు. థియేటరు వాద్యబృందానికి నాయకుడు, సంగీతకారుల యూనియన్‌కు అధ్యక్షుడు అయిన ష్మిట్జ్‌ని అభ్యర్థిగా ఎంచుకొన్నదీ అతనే. ష్మిట్జ్ పొడగరి, అందగాడు, మాటకారి. పరిపాలన తనకేమీ తెలియదని ఆయనే అంటే, నేర్పడానికి నేనున్నానన్నాడు రూఫ్. వోట్లు మూడు పార్టీల మధ్య చీలిపోయాయి; ఫిడేలు వాయించేవాడు మేయరయ్యాడు.

మొదట్లో కార్మికులు మోసపోలేదన్నది కూడా చెప్పాలి. 1902 లో వీధి రైళ్ళ కార్మికులు యునైటెడ్ రైల్‌రోడ్స్ అనే కంపెనీపై సమ్మె కట్టినప్పుడు ష్మిట్జ్ పోలీసులను సమ్మె విచ్ఛిన్నకులకు తోడు పంపలేదు. కార్మికులు గెలిచారు. ఫీలన్ రోజులు చూసినవాళ్ళకు ఇదేమీ చిన్న సంగతి కాదు. 1903 లోనూ 1905 లోనూ ఆయనను మళ్ళీ ఎన్నుకొన్నారంటే దీని బలమే. 1905 లో రెండు పెద్ద పార్టీలూ ఏకమై ఎదిరించినా ఓడిపోయాయి. నగర సభలోని పద్దెనిమిది స్థానాలూ యూనియన్ లేబర్ పార్టీకే వచ్చాయి.

కార్మికవర్గం చేతికి ఒక మహానగరం చిక్కింది. దానితో ఏం చెయ్యాలన్న కార్యక్రమం మాత్రం ఆ పార్టీకి లేదు. సమ్మె వస్తే పోలీసులు తటస్థంగా ఉండాలన్న ఒక్క కోరిక తీరింది. మిగిలిన జాగా అంతా రూఫ్ ఆఫీసుకు వదిలేశారు. ఆ ఆఫీసు పద్ధతి గమనించదగ్గది. రూఫ్ ఎవరినీ లంచం అడగడు. కంపెనీలు ఆయనను న్యాయ సలహాదారుగా పెట్టుకొని ఫీజు ఇస్తాయి. ఆ ఫీజులో కొంత నగర సభ్యులకు పోతుంది, కొంత మేయరుకు పోతుంది. గ్యాసు ధర వెయ్యి ఘనపుటడుగులకు 75 సెంట్లు చేస్తామని వోట్లడిగినవాళ్ళే గ్యాసు కంపెనీ ఇచ్చిన 20,000 డాలర్ల తర్వాత 85 సెంట్లుగా నిర్ణయించారు. ఆ పది సెంట్లు చెల్లించింది ఎవరు? వోటు వేసిన కూలివాళ్ళ వంటిళ్ళే. టెలిఫోన్ల విషయంలో పోటీపడ్డ రెండు కంపెనీల దగ్గరా డబ్బు తిన్న సభ్యులున్నారు!

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. తర్వాత మూడు రోజులు నగరం తగలబడింది. సుమారు మూడు వేలమంది చనిపోయారు, జనాభాలో సగానికి పైగా నిలువ నీడ లేని వాళ్ళయ్యారు. ఆ రోజుల్లో ష్మిట్జ్ ధైర్యంగా పనిచేశాడని ఆయన శత్రువులే ఒప్పుకొన్నారు. కాని దోపిడీ చేసేవాళ్ళను కనబడితే కాల్చి చంపమని ప్రకటన వేయించిందీ ఆయనే. అలా ఆజ్ఞాపించే అధికారం ఏ చట్టమూ ఆయనకివ్వలేదు. సహాయ సంఘంలోకి పాత శత్రువు ఫీలన్‌ను, ఇతర ధనికులను పిలిచాడు, రూఫ్‌ను మొదట్లో దూరంగా పెట్టాడు. విచారించదగ్గ విషయమేమంటే, నెల తిరక్కుండానే ఆ బూడిదలోనే అతి పెద్ద బేరం కుదిరింది. వీధి రైళ్ళకు విద్యుత్తు తీగలు భూమి అడుగున వెయ్యకుండా, చౌకగా తలమీద వేలాడదీసుకొనే అనుమతి యునైటెడ్ రైల్‌రోడ్స్‌కు కావాలి. 2,00,000 డాలర్లు చేతులు మారాయి. తర్వాత రూఫ్ ఒప్పుకొన్న లెక్క ప్రకారం 85,000 నగర సభ్యులకు, 50,000 ష్మిట్జ్‌కు పోగా మిగిలినది తనది. 1902 లో కార్మికులు ఓడించిన కంపెనీయే 1906 లో కార్మికుల మేయరును కొనుక్కొంది.

ఈ కుళ్ళును బయటపెట్టినవాళ్ళెవరు? బులెటిన్ పత్రిక సంపాదకుడు ఫ్రీమాంట్ ఓల్డర్, లక్ష డాలర్లకు హామీ పడ్డ కోటీశ్వరుడు రుడాల్ఫ్ స్ప్రెకెల్స్. భూకంపానికి ముందు రోజునే స్ప్రెకెల్స్, ఫీలన్ కలిసి సొంతంగా ఒక వీధి రైళ్ళ కంపెనీ రిజిస్టరు చేయించారు. కనుక ఇదంతా యజమానుల కుట్ర అని ష్మిట్జ్ మనుషులు ఊరూరా చెప్పారు. యూనియన్లలో చాలామంది నమ్మారు. మా విద్యార్థుల ప్రశ్న సరిగ్గా ఇదే. ఆరోపించినవాడి స్వార్థం నిజం. లంచమూ నిజమే! మొదటిది రుజువైనంత మాత్రాన రెండోది అబద్ధం కాలేదు. 1907 మార్చిలో నగర సభ్యులు శిక్ష లేకుండా వదిలేస్తామన్న హామీమీద నోరు విప్పి, ఎవరెంత తిన్నదీ ఒప్పుకొన్నారు.

ష్మిట్జ్‌కు శిక్ష పడింది రైళ్ళ లంచానికి కూడా కాదు. కింద భోజనశాలలు, పైన రహస్యపు గదులు నడిపే ఫ్రెంచి హోటళ్ళవాళ్ళను మద్యం లైసెన్సు ఆపుతామని బెదిరించి డబ్బు గుంజినందుకు. 1907 జూన్‌లో జ్యూరీ దోషి అంది. అయిదేళ్ళ శిక్ష వేశారు. పదవి ఖాళీ కాగా దాన్ని కొన్నాళ్ళు అలంకరించినవాడు లంచం తిన్నానని ఒప్పుకొన్న పళ్ళ డాక్టరు బాక్స్‌టన్. (నవలలో రాస్తే అతిశయోక్తి అంటారు.) ఆ తర్వాత ఎడ్వర్డ్ టేలర్ అనే ముసలి కవి మేయరయ్యాడు. 1908 లో పైకోర్టులు శిక్ష కొట్టివేశాయి. రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం చూపిన లోపాల్లో ఒకటి, ష్మిట్జ్ మేయరని అభియోగ పత్రంలో రాయలేదన్నది! ఊరందరికీ తెలిసిన సంగతి కోర్టుకు మాత్రం తెలియదు.

ఇక లంచమిచ్చినవాళ్ళు. సాక్ష్యం యునైటెడ్ రైల్‌రోడ్స్ అధ్యక్షుడు పాట్రిక్ కాల్‌హూన్ దాకా వచ్చేసరికి, నిన్నటిదాకా ప్రాసిక్యూషన్‌ను మెచ్చుకొన్న పెద్దమనుషులు స్ప్రెకెల్స్‌తో మాటలు మానేశారు. 1907 మేలో వీధి రైళ్ళ కార్మికులు ఎనిమిది గంటల పనికి మూడు డాలర్లు కావాలని సమ్మె చేశారు. కాల్‌హూన్ బయటినుంచి సమ్మె విచ్ఛిన్నకులను దించాడు, వీధుల్లో తుపాకులు పేలాయి, మనుషులు చచ్చారు. మేయరు కోర్టు బోనులో ఉన్నాడు. ఆ యూనియన్ నాశనమైంది. లంచం కేసులో ముద్దాయి అయిన కాల్‌హూన్‌ను ధనికవర్గం యూనియన్‌ను చంపిన వీరుడుగా పూజించింది. 1909 లో ఆయన కేసులో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. రూఫ్‌కు పధ్నాలుగేళ్ళ శిక్ష వేసి శాన్ క్వెంటిన్ జైలుకు పంపారు. ఆ జైలు గడప తొక్కిన కంపెనీ పెద్ద ఒక్కడూ లేడు.

ఒక్క మాట మనవాళ్ళను గురించి. ఈ పార్టీకి వోట్లు తెచ్చిన నినాదాల్లో ఆసియావాళ్ళను రానివ్వకూడదన్నది ఒకటి. 1905 లో యూనియన్లే ముందుండి జపాను, కొరియా వలసదారులకు వ్యతిరేకంగా ఆ నగరంలో ఒక సంఘం పెట్టాయి. తర్వాత అది భారతీయుల మీదికీ తిరిగింది. కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వెళ్ళి గదర్ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్యగారి తరం చూసింది ఆ వాతావరణాన్నే. జపాను పిల్లలను వేరే బడికి తోలెయ్యాలన్న 1906 నాటి ఉత్తర్వు ష్మిట్జ్ పాలనలోదే. పక్కనున్న కూలివాణ్ణి శత్రువుగా చూపించి తృప్తిపరచగలిగినప్పుడు, గ్యాసు ధర విషయంలో మాట ఎందుకు తప్పావని నాయకుణ్ణి నిలదీసేవాడెవడు?

1909 ఎన్నికల్లో కేసులు నడిపిన హీనీ జిల్లా అటార్నీ పదవికి పోటీచేసి ఓడిపోయాడు. గెలిచినవాడు చార్లెస్ ఫికర్ట్, యూనియన్ లేబర్ పార్టీ అభ్యర్థి. తమ నాయకులమీద పగబట్టిన కేసులను ఆపుతాడని కార్మికులు ఆయనకు వోటు వేశారు. ఆయన ఆపాడు, కాల్‌హూన్ కేసు 1911 లో కొట్టివేయబడింది. 1916 లో అదే నగరంలో బాంబు పేలినప్పుడు, యునైటెడ్ రైల్‌రోడ్స్ కార్మికులను మళ్ళీ కూడగట్టే ప్రయత్నం చేసిన టామ్ మూనీని ముద్దాయిగా నిలబెట్టి ఉరిశిక్ష వేయించినవాడు కూడా ఈ ఫికర్టే. ఆ శిక్ష 1918 లో యావజ్జీవంగా మారింది. చెయ్యని నేరానికి మూనీ 1939 దాకా జైల్లో ఉన్నాడు. ష్మిట్జ్ అప్పటికి పదేళ్ళ కిందటే, నగర సభకు మళ్ళీ ఎన్నికై, ఆ పదవీ అనుభవించి, తన ఊళ్ళోనే పోయాడు.