రంగము రేవున మేస్త్రి కొలువు

పనివానిని కుదుర్చుకొనుట మన ప్రాచీనులకు అల్పవిషయము కాదు. నారదస్మృతి పదునెనిమిది వ్యవహారపదములను పేర్కొనుచు, కూలి చెల్లింపకుండుటను వానిలో నొకటిగా లెక్కించినది. అర్థశాస్త్రమునందైతే, పనివానికిని పని చేయించుకొనువానికిని జరిగిన యొడంబడిక యిరుగుపొరుగువారికి తెలిసియుండవలెనని విధి కలదు. నలుగురిలో జరిగిన మాటను రేపు కాదనుట యెవ్వరికిని సాధ్యము కాదుగదా! అయితే యీ విధి యంతయు ఒక్క సంగతిని ముందే యంగీకరించి నడచుచున్నది. పని చేయించుకొనువాడెవ్వడో పనివాడెఱుగును, పనివాడెవ్వడో యాతడెఱుగును. ఆ యెఱుకయే లేని కొలువు ఎట్లుండునో మన సముద్రతీరపు జిల్లాలవారు రంగములో అర్ధశతాబ్దమునకు పైగా చవిచూచిరి.

రంగూనును మనవారు రంగమనిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి పేదవారు పొగయోడలెక్కి యచ్చటికి పోయి, బియ్యపు మరలలోను, రేవులోను మూటలు మోసిరి, రిక్షాలు లాగిరి. 1931 సంవత్సరపు జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. బర్మాదేశమునందలి తెలుగువారు లక్షన్నరకు పైబడి యుండిరి. బర్మావారు వీరిని కోరంగీలని పిలిచిరి. గోదావరి ముఖమునందలి మన కోరంగి రేవు మేట వేసి పాడైన తరువాత సయితము దాని పేరు సముద్రమునకు ఆవలియొడ్డున కూలివానికి మాఱుపేరై నిలిచెను.

ఈ జనులను ఎవరు కుదిర్చిరి? మేస్త్రి. అతడు తఱచుగా ఆ యూరివాడే. ఒకప్పుడు తానును మూట మోసినవాడే. అప్పులవాండ్రు గుమ్మము ముందు నిలుచు దినములలో అతడు వచ్చి, ఇంటివారి చేతిలో కొంత బయానా పెట్టి, ఓడ కేవు తానే యిచ్చుకొని, పదిమందిని జట్టుగా తీసికొనిపోవును. ఈ బేరము అరుగుమీద నలుగురు వినుచుండగనే జరిగెను. కావున అర్థశాస్త్రవిధికి లోపము లేదని యెవరైన ననవచ్చును. కాని అసలు యజమాని ఆ యరుగుమీద లేడు! ఓడల కంపెనీ సరకు దింపు పనిని టన్ను కింతయని ఒక గుత్తేదారున కిచ్చును. గుత్తేదారు పెద్దమేస్త్రికి చెప్పును; పెద్దమేస్త్రి జట్టుమేస్త్రికి చెప్పును. సొమ్మును ఆ మెట్లమీదుగానే దిగి, మెట్టుమెట్టునను కొంత తఱిగి, బయానాక్రింద మఱికొంత పోగా, మిగిలినది కూలివాని చేతికి వచ్చును. కంపెనీ యాతని నే ప్రశ్నయు నడుగలేదు. ఏ యూరని యడుగలేదు, ఏ పని వచ్చునని యడుగలేదు, పేరైన నడుగలేదు. వారికి కావలసినది టన్నుల లెక్క.

నేడు పెద్దసంస్థలు చదువుకొన్న యభ్యర్థిని నాలుగైదు మాఱులు ప్రశ్నించి, పూర్వచరిత్ర తరచి, పిమ్మట కొలువిచ్చుచున్నవి. ఆ మేడనే ఊడ్చు స్త్రీయు, రాత్రి కావలియుండు ముదుసలియు గుత్తేదారు పంపగా వచ్చువారు. వారిని ప్రశ్నించువాడు లేడు. మేస్త్రి చచ్చినాడని తలచుట తొందరపాటని మా యభిప్రాయము.

కంపెనీ తెలిసికొనకుండుట సోమరితనముచేత కాదు, అందు లాభమున్నది. రేవుపని నిలుకడలేనిది. ధాన్యపు ఋతువులో ఓడలు క్రిక్కిఱిసియుండును. వానకాలమున పని సన్నగిల్లును. కూలివాడు కంపెనీవాడైనచో పనిలేని దినముల భారము కంపెనీపై పడును. మేస్త్రివాడైనచో ఆ భారము వాని కడుపుపైననే పడును. చట్టమును వాని పక్షమున లేదు. 1859 సంవత్సరపు 13వ చట్టము ప్రకారము బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని న్యాయాధికారి యెదుటికి ఈడ్చి, అతడు అప్పటికిని పని చేయనిచో మూడు నెలలదాక చెఱసాలలో నుంచవచ్చును. కూలి ఎగవేసిన యజమానికి అట్టి చెఱ యేదియు ఆ చట్టములో లేదు. 1925లో గాని అది రద్దు కాలేదు. 1922లో వలసచట్టమొకటి పుట్టినది. అది పరదేశములకు పోవు కూలీలను కొంత కాపాడినది. బర్మా యప్పుడు హిందూదేశములోని భాగమే యగుటచేత రంగము పోవువాడు దాని దృష్టిలో వలసపోవువాడే కాడు. సముద్రము దాటియు స్వదేశముననే యున్న విచిత్రస్థితి వానిది!

మేస్త్రిని రాక్షసునిగా చిత్రించుట సులభము. మేమట్లు చేయజాలము. భాష తెలియని పట్టణములో బస చూపినవాడును, జ్వరము వచ్చిన కాలమున గంజి పోయించినవాడును, ఇంటికి జాబు వ్రాయించినవాడును అతడే. 1870వ దశకమున బర్మా ప్రభుత్వమువారు తామే కూలీలను చేర్చుకొనదలచి కాకినాడలో నొక యేజంటును నిలిపిరి గాని, ఆ యత్నము ఫలింపలేదు. జనులు దొరగారి కాగితమును నమ్మక మేస్త్రి మాటనే నమ్మిరి. ఆ నమ్మకమును అమ్ముకొనుటయే యతని వ్యాపారము. కొనినవారు మాత్రము కంపెనీలవారు.

ఈ యేర్పాటు ఫలమెట్టిదో 1930 మే నెలలో తేటపడెను. రేవులోని తెలుగు కూలీలు హెచ్చు కూలి కోరి సమ్మె కట్టిరి. ఓడలు నిలిచిపోగా గుత్తేదారులు బర్మా పనివారిని పిలిపించి వారిచే సరకు దింపించిరి. అంతవఱకు రేవుపనిలో బర్మావారికి చోటు మిక్కిలి తక్కువ. ఎట్టకేలకు తమ దేశపు రేవులో తమకు జీవనము దొరకినదని వారు సంతోషించియుందురు. పిమ్మట కొంత కూలి పెంచుటకు అంగీకారము కుదిరి, తెలుగువారు పనిలోనికి రావచ్చునని మాట వచ్చెను. మే 26వ తేది యుదయమున ఉభయులును రేవునకు వచ్చిరి. ఇక మీతో పని లేదని బర్మావారికి అచ్చటనే తెలిసెను. తెలుగువారిలో కొందఱు నవ్విరి, పరిహాసమాడిరి. ఆ నవ్వునుండి పుట్టిన కొట్లాట రేవు దాటి నగరమంతయు వ్యాపించి, కొన్ని దినములు సాగి, నూఱుమందికి పైగా ప్రాణములు తీసెను. చచ్చినవారిలో పెక్కుమంది మనవారు.

దీనిని జాతివైరమని వ్రాసినవారు కలరు. వైరము లేదని మేమనము. కాని ఆ యుదయమున ఒక్క మాట ముందుగా చెప్పించుట యెంతటి పని? ముందునాటి సాయంకాలమే బర్మా పనివారిని పిలిచి, కూలి లెక్క తీర్చి, వారిలో కొందఱికైన చోటు చూపియున్నచో ఆ రెండు గుంపులు ఒక్క గట్టుమీద ఎదురుపడియుండవు. ఆ మాట చెప్పవలసిన బాధ్యత ఎవ్వరిది? కంపెనీది కాదట, గుత్తేదారునిది. గుత్తేదారునిది కాదట, మేస్త్రిది. మేస్త్రికి బర్మావారితో సంబంధమే లేదు. పేరెఱుగనివారిని పిలువగల మార్గము కలదు గాని, పేరెఱుగనివారికి సమాధానము చెప్పవలసిన పూచీ ఆ యేర్పాటులో ఎక్కడను లేకపోయెను. తరువాత రేవుపనిలో బర్మావారికిని భాగ మీయబడెను. అది యా నెత్తురు కారకముందే చేయదగిన పని.

1929లో నియమింపబడి విట్లీగారి యధ్యక్షతను పనిచేసిన రాజకీయ కార్మికసంఘము 1931లో తన నివేదికను ప్రకటించెను. పనిలో చేర్చుకొనుట, తీసివేయుట యను రెండధికారములును మేస్త్రివంటి నడిమివారి చేతిలోనుండి తప్పించి, ప్రత్యేకాధికారుల కీయవలెనని యందు సూచింపబడెను. ఇట్లు చేర్చుకొనువాడు పనివానిని కన్నులార చూచును. ఈ సూచన రంగము రేవున నిలదొక్కుకొనుటకు కాలము చాలలేదు. 1937లో బర్మా వేఱు దేశమయ్యెను. 1941 డిసెంబరు 23వ తేదిని జపానువారి బాంబులు రంగూనుపై పడెను. పిదప మనవారు లక్షలకొలది అరకానుత్రోవను, మణిపురపు కొండలత్రోవను నడచి వచ్చిరి. త్రోవలో వేలకొలది చనిపోయిరి. వారెవ్వరో తెలియవలెనన్న, మూటలు మోయించుకొన్న కంపెనీల పట్టీలను వెదకి ప్రయోజనము లేదు. జట్టుమేస్త్రికి తెలిసియుండును, అతడును ఆ కొండలలోనే నడచుచుండెను.