సికింద్రాబాద్ నుంచి గుంటూరు దాకా

మా అబ్దుల్లాపూర్‌మెట్ 2016లో మండలమైంది. అంతకుముందు హయత్‌నగర్ మండలంలో ఒక ఊరు. విజయవాడ హైవే మీద ఉన్న ఊరు కాబట్టి వచ్చేపోయేవాళ్లకు కొదవలేదు. ఫిల్మ్ సిటీలో, బాటసింగారం పండ్ల మార్కెట్‌లో పనికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. అందరికీ వచ్చీరాని హిందీ ఒకటే దిక్కు. పరాయి భాషల మధ్య బతకడం మాకు కొత్త కాదు. అయితే ఒకే కప్పు కింద, ఒకే వంటింట్లో, జీవితాంతం అలా బతకడం వేరే సంగతి. ఆ పని చేసి చూపించిన కాథలిక్ సిస్టర్లు మా తోవకు ఈ చివరా ఉన్నారు, ఆ చివరా ఉన్నారు.

ఈ చివర సికింద్రాబాద్. ఇటలీలోని టూరిన్‌లో పుట్టిన సెయింట్ ఆన్స్ సభ సిస్టర్లు 1871లో ఇక్కడికొచ్చి బడి పెట్టారు. అప్పుడది కంటోన్మెంట్. దొరల ఇంగ్లిషు, పటాలాల వెంట వచ్చిన తమిళం, బజారులో ఉర్దూ, చుట్టుపక్కల ఊళ్ల తెలుగు. ఇటాలియన్ మాత్రమే తెలిసిన మనిషికి గేటు దాటితే ఒక్క మాటా దొరికేది కాదు.

ఆ చివర, కృష్ణ దాటాక గుంటూరు. అక్కడికి 1904లో డచ్ సిస్టర్లు వచ్చారు. జె.ఎం.జె. సభవాళ్లు. వాళ్లలో కలిసిన ఒక ఆస్ట్రేలియా డాక్టరమ్మ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మేరీ గ్లౌరీ మెల్బోర్న్‌లో డాక్టరీ చదివి, ప్రాక్టీసు వదులుకుని 1920లో గుంటూరు చేరింది. అప్పట్లో సిస్టర్లు వైద్యం చేయడానికి చర్చి ఒప్పుకునేది కాదు. ఆమెకు పోపుగారు ప్రత్యేకంగా అనుమతిచ్చారు. అందరికీ ఆ కట్టు సడలింది 1936లో. చుట్టూ డచ్చివాళ్లు, వచ్చేవాళ్లు తెలుగు తల్లులు, తన మాట ఇంగ్లిషు. మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్ల కోసమే వచ్చిన మనిషికి మాట అర్థం కాకపోతే మందెలా ఇస్తుంది? స్థానిక అమ్మాయిలకే మంత్రసాని పని, నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే ఉంది. గుంటూరులో మొదలైన పని ఇలా మా వైపు వచ్చి చేరింది.

అప్పటి కాన్వెంట్లలో పూజ లాటిన్‌లో జరిగేది. అది ఎవరి ఇంటి భాషా కాదు గనక అందరూ సమానమే. 1962-65 వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. మా తెలుగువాళ్లకు అది పండగే. కానీ కేరళ నుంచి, తమిళనాడు నుంచి వచ్చిన సిస్టర్లు ప్రార్థన కూడా మళ్లీ అక్షరాల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈ కష్టాన్ని ఎవరూ రాయలేదనే నా బాధ.

నగరంలో ఒక కాన్వెంట్‌లో భోజనం బల్ల దగ్గర కూర్చున్నాను ఒకసారి. గోంగూర పచ్చడి గిన్నె తిరుగుతోంది. జార్ఖండ్ అమ్మాయి వేలికొసతో అంటించుకుని నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. మలయాళీ పెద్ద సిస్టరు నవ్వకుండా మజ్జిగ గిన్నె ఆమె వైపు జరిపింది. వంట వంతులవారీగా నడుస్తుందట. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ల ఊరి కూర. బల్ల దగ్గర మాత్రం ఇద్దరు తమ సొంత భాషలో మాట్లాడుకుంటూ మూడో మనిషిని వదిలేయకూడదు. చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ, పాటించడం ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు యూరప్ నుంచి వచ్చేవాళ్లు దాదాపు లేరు. మన సిస్టర్లే ఇటలీకి, ఆఫ్రికాకు వెళ్తున్నారు. జార్ఖండ్, ఒడిశా అమ్మాయిలు ఇక్కడికి వస్తున్నారు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ జార్ఖండ్ అమ్మాయికి ‘ఱ’కి, ‘ర’కి ఇప్పుడు పలకడంలో తేడా లేదని, రాయడానికి ‘ర’ ఒక్కటి చాలని తెలుగు చెబుతున్నది ఆ మలయాళీ సిస్టరే. తను ఇరవై దాటాకే నేర్చుకుంది కాబట్టి, ఎక్కడ తడబడతారో ఆమెకు మాకంటే బాగా తెలుసు.