ఐవాన్‌కు ఎన్ని తలుపులు?

ఉర్దూ పత్రికలో పనిచేసినన్నాళ్లూ రాజ్యసభను మేం 'ఐవాన్-ఎ-బాలా' అని రాశాం. తెలుగు పత్రికలోకి వచ్చాక 'పెద్దల సభ' అని రాశాం. ఐవాన్ అంటే మహలు. సభ అంటే నలుగురూ కూర్చునే చోటు. ముస్లిం అనగానే ఏదో మహల్లోంచి దిగివచ్చినవాడిలా చూడటం ఈ గడ్డకు అలవాటు. మరి ఈ దేశానికి చట్టాలు చేసే మహల్లోకి మేం ఏ తలుపు గుండా వెళ్లాం? ఏ తలుపు దగ్గర ఆగిపోయాం? ఆ చరిత్ర మా నోటితో మేమే చెప్పుకోవాలి.

'ఒకప్పుడు మీకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి కదా' అంటారు. ఉండేవి. ముస్లిం స్థానాలకు ముస్లింలే ఓటేసే పద్ధతి 1909 చట్టంతో వచ్చింది. 1919 చట్టంతో ఢిల్లీలో రెండు సభలు ఏర్పడ్డాయి. పైది కౌన్సిల్ ఆఫ్ స్టేట్, 60 మంది. కిందిది సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ, 145 మంది. కానీ ఓటు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉంది. పై సభకు బ్రిటిష్ ఇండియా మొత్తం మీద ఓటర్లు దాదాపు 17 వేల మంది. అందులో నవాబుకు చోటుంది, జమీందారుకు చోటుంది. దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులకు ఎక్కడిది? నిజాం రాజ్యం సంస్థానం కాబట్టి అక్కడి జనం ఆ సభలకు ఎవరినీ ఎన్నుకోలేదు. 'పాలించిన జాతి' అనిపించుకున్న తెలంగాణ ముస్లిం కూలీ ఢిల్లీకి మొదటిసారి ఓటేసింది 1951-52లో, పక్కింటి మాదిగ, పద్మశాలీలతో పాటే.

రాజ్యాంగ సభ 1947లో ప్రత్యేక నియోజకవర్గాలను వద్దనుకుంది. మైనారిటీలకు స్థానాల రిజర్వేషన్ మాత్రం ఉంచుదామనుకుంది. 1949 మే నెలలో దాన్నీ తీసేశారు. అప్పుడు మావాళ్లంతా ఒకే మాట మీద లేరు. మద్రాసుకు చెందిన మహమ్మద్ ఇస్మాయిల్ ప్రత్యేక నియోజకవర్గాలే కావాలన్నారు. బేగం ఐజాజ్ రసూల్ రిజర్వేషనే వద్దన్నారు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. ఆ రోజుల్లో అడగడమూ కష్టమే, వదులుకోవడమూ కష్టమే.

ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటి ఉందని చాలామంది మరిచిపోయారు. 1949 జనవరిలో ఖాజీ సయ్యద్ కరీముద్దీన్ దిగువ సభకు దామాషా పద్ధతి కావాలని సవరణ పెట్టారు. ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులు రావాలి, ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కాలి. మతం పేరు ఎత్తకుండానే ఏ చిన్న సమూహమైనా తన గొంతు వినిపించగల పద్ధతి అది. అక్షరాస్యత తక్కువ, ప్రభుత్వాలు నిలకడగా ఉండవు అన్న కారణాలు చూపి డాక్టర్ అంబేద్కర్ కాదన్నారు. సవరణ వీగిపోయింది.

అలా కింద వద్దన్న దామాషా పద్ధతే పై సభలో ఉంది. రాజ్యసభ 1952లో 216 మందితో మొదలై 245కు చేరింది. అందులో 233 మందిని శాసనసభ్యులు, రెండు మూడు కేంద్రపాలిత ప్రాంతాల ప్రతినిధులు ఎన్నుకుంటారు. 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. గడువు ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలున్నారు. మూడు ఖాళీలకు ఎన్నిక జరిగితే 30 మంది మొదటి ప్రాధాన్య ఓటు చాలు, ఒకరు గెలుస్తారు. లెక్క న్యాయంగానే ఉంది. కానీ ఆ ఓటు ఎమ్మెల్యేది. శాసనసభలోనే కొద్దిమందిమి ఉన్నవాళ్లం అక్కడ 30 మందిని ఎక్కడ తెస్తాం? 2003 నుంచి ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. అభ్యర్థి ఆ రాష్ట్రపు ఓటరై ఉండాలన్న నిబంధన కూడా అప్పుడే పోయింది. తలుపు తాళం పార్టీ అధిష్ఠానం చేతికి చిక్కింది.

లోక్‌సభ సంగతి సూటిగా ఉంటుంది. 543 స్థానాలు, ఒక్కో చోట ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వారిదే గెలుపు. 84 స్థానాలు ఎస్సీలకు, 47 ఎస్టీలకు. అది వాళ్ల హక్కు, దానితో మాకు పేచీ లేదు. పేచీ 1950 నాటి ఉత్తర్వుతో. పాకీపని చేసినా, అంటరానితనం అనుభవించినా ముస్లిం అయితే ఎస్సీ కాడు. అదే ఉత్తర్వును సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో సవరించారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీ రిజర్వుడుగా ఉన్నాయని సచార్ కమిటీ 2006లో రాసింది. 1980లో లోక్‌సభకు గెలిచిన ముస్లింలు 49 మంది. 2024లో 24 మంది. జనాభాలో ముస్లింలు 2011 లెక్కల ప్రకారం 14.2 శాతం.

ఇరుగుపొరుగు మాకు ఓటేయరా? వేస్తారు. 1991లో గుంటూరులో తెలుగుదేశం టికెట్టు మీద లాల్‌జాన్ బాషా గెలిచారు. ఆయనకు ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు కారు. అడ్డం పడేది పొరుగువాడు కాదు, టికెట్టు. ఒక్క స్థానానికి ఒక్క అభ్యర్థి అన్నచోట ప్రతి పార్టీకీ 'గెలుపు గుర్రం' కావాలి. మావాడు ఆ గుర్రం కాడని పార్టీ ఆఫీసులోనే తేల్చేస్తారు.

నామినేషన్ తలుపు కూడా ఉంది. జాకిర్ హుసేన్ 1952లో, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ 1986లో ఆ దారినే రాజ్యసభకు వెళ్లారు. వాళ్లు మాకు గర్వకారణం. కానీ వాళ్లను పంపింది మేం కాదు.

ఎన్నిక లేని మనుషులు కూడా ఆ భవనంలో ఉన్నారు. రాజ్యాంగం 98వ అధికరణం ప్రకారం రెండు సభలకూ వేర్వేరు సచివాలయాలు. సభ్యులు మారిపోతుంటారు. సెక్రటరీ జనరల్ కింద పనిచేసే రిపోర్టర్లు, అనువాదకులు, కమిటీ గుమాస్తాలు ఉండిపోతారు. సభలో అన్న మాట రికార్డుకెక్కేది వాళ్ల చేతుల మీదుగానే. రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి ఆ పని విలువ మాకు తెలుసు. 2018లో రాజ్యసభ 22 భాషలకూ అనువాద సదుపాయం కల్పించింది. ఉర్దూలో అన్నా తెలుగులో అన్నా ఇక అర్థం కాలేదనే సాకు లేదు. అనడానికి మనిషి ఉండాలి, అంతే.

మేం ప్రత్యేక నియోజకవర్గాలు అడగటం లేదు. ఆ దారి చివర ఏముందో మా తాతలు చూశారు. 1949లో మూసేసిన దామాషా చర్చను మళ్లీ తెరవమంటున్నాం. అక్షరాస్యత లేదన్న కారణం ఇప్పుడు చెల్లదు. 1950 ఉత్తర్వులోని మతం షరతు తీసేయమంటున్నాం. ఈ రెండూ మా ఒక్కరి కోసమే కాదు. సంఖ్య తక్కువైన ప్రతి కులానికీ, ప్రతి ఊరిచివరి వాడకూ అవసరమే. ఐవాన్ సభ కావాలంటే తలుపులు ఢిల్లీలో కాదు, ఊళ్లో తెరుచుకోవాలి.