పాత ఫోటోలో చిన్న చుక్క.. భూమిలో పేలని బాంబు!

జర్మనీలోని ఒరానియన్‌బుర్గ్‌లో ఇల్లు కట్టాలంటే ముందు యుద్ధకాలపు ఫోటోలు చూడాలి. బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న ఈ చిన్న పట్టణంపై 1945 మార్చి 15న అమెరికా విమానాలు బాంబుల వర్షం కురిపించాయి. ఇక్కడి ఫ్యాక్టరీలో యురేనియం తయారవడమే కారణం.

దాడి తర్వాత నష్టం ఎంతో చూసేందుకు నిఘా విమానాలు పైనుంచి ఫోటోలు తీసేవి. నిపుణులు ఇప్పుడు వాటిని శాటిలైట్ మ్యాప్‌పై పెట్టి, అప్పటికీ ఇప్పటికీ మారని రోడ్డు మలుపులు, రైలు పట్టాలతో సరిపోలుస్తారు. పెద్ద గొయ్యి కనిపిస్తే బాంబు పేలినట్టే, దాంతో భయం లేదు. చిక్కంతా చిన్న చుక్కతోనే. బాంబు పేలకుండా నేలలోకి దూరి ఉండొచ్చు!

ఇంతకీ ఎందుకు పేలలేదు? వీటిలో చాలావాటికి ఆలస్యంగా పేలే ఫ్యూజులున్నాయి. అసిటోన్ కారి సెల్యులాయిడ్ బిళ్లను కరిగిస్తేనే పేలుడు. మెత్తని నేలలో బాంబు తిరగబడి ముక్కు పైకి లేస్తే అసిటోన్ బిళ్లను చేరదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిళ్ల పెళుసుబారుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా పేలొచ్చు.

1990 తర్వాత ఇక్కడ 200కు పైగా బాంబులు బయటపడ్డాయి. చెట్లు, నీడలు ఉన్నచోట చుక్కలు ఫోటోలో పడవు. అందుకే అనుమానం ఉంటే బోర్లు వేసి, అయస్కాంత పరికరంతో ఇనుము ఉందేమో వెతుకుతారు. బాంబు లేదని సర్టిఫికెట్ వచ్చాకే పునాది.